ఎంబీఏ ప్రవేశ పరీక్షలు: క్యాట్, ఐసెట్‌లకు ఇంటి నుంచే ఎలా సిద్ధం కావాలి?

డిగ్రీ చివరి సంవత్సరం మొదలవగానే చాలా ఇళ్లలో ఒకే చర్చ. అబ్బాయిని దుకాణంలో కూర్చోబెట్టాలా, ఉద్యోగంలో చేర్చాలా, ఇంకా చదివించాలా? అమ్మాయి అయితే ఈ చర్చ ఇంకా త్వరగా ముగిసిపోతుంది. ఎవరో ‘ఎంబీఏ చెయ్యి’ అంటారు. ఏ పరీక్ష రాయాలి, ఎప్పుడు రాయాలి, ఎంత ఖర్చవుతుంది అన్నది మాత్రం ఎవరూ వివరంగా చెప్పరు. తెలుసుకునే లోపే దరఖాస్తు గడువు అయిపోతుంది. ఒక సంవత్సరం పోతుంది. మధ్యతరగతి కుటుంబానికి ఒక సంవత్సరం చిన్న నష్టం కాదు. మరుసటి ఏడాదికి ఇంట్లో ఉద్దేశమే మారిపోవచ్చు.

ఎంబీఏ సీటుకు దారి తీసే ముఖ్యమైన పరీక్షలు, వాటికి తయారయ్యే పద్ధతి, కాగితాల విషయంలో మన కుటుంబాలు ఎక్కువగా చేసే పొరపాట్లు ఈ వ్యాసంలో చూద్దాం.

ఏ పరీక్ష ఎవరికి?

తెలుగు రాష్ట్రాల విద్యార్థికి ముందుగా తెలియాల్సినవి రెండు: ఐసెట్, క్యాట్.

ఐసెట్ రాష్ట్ర స్థాయి పరీక్ష. తెలంగాణకు ఒకటి, ఆంధ్రప్రదేశ్‌కు ఒకటి వేర్వేరుగా ఉంటాయి. ఉన్నత విద్యామండలి తరఫున ఏదో ఒక యూనివర్సిటీ దీన్ని నిర్వహిస్తుంది. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్రా, శ్రీ వెంకటేశ్వర వంటి రాష్ట్ర యూనివర్సిటీల్లోనూ, వాటి అనుబంధ కాలేజీల్లోనూ ఎంబీఏ, ఎంసీఏ సీట్లను ఈ ర్యాంకుతోనే నింపుతారు.

క్యాట్ దేశవ్యాప్త పరీక్ష. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ మేనేజ్‌మెంట్, అంటే ఐఐఎంలు, ఏటా వంతులవారీగా దీన్ని నిర్వహిస్తాయి. అహ్మదాబాద్, కలకత్తా ఐఐఎంలు 1961లో మొదలయ్యాయి. ఇప్పుడు దేశంలో 20కి పైగా ఐఐఎంలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది 2015లో మొదలైన విశాఖపట్నం ఐఐఎం. క్యాట్ స్కోరు పనికొచ్చేది ఐఐఎంలకు మాత్రమే కాదు. ఢిల్లీ యూనివర్సిటీలోని ఎఫ్ఎంఎస్, గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇంకా అనేక సంస్థలు ఇదే స్కోరు అడుగుతాయి.

వీటితోపాటు డిసెంబరులో సింబయాసిస్ సంస్థలకు స్నాప్, జనవరిలో ఎక్స్ఎల్ఆర్ఐ తదితర సంస్థలకు జాట్ ఉంటాయి. ఏడాదిలో పలుమార్లు జరిగే మ్యాట్ కూడా ఉంది. విదేశాల్లో చదవాలనుకునేవారికి, హైదరాబాద్‌లోని ఐఎస్‌బీ వంటి చోట్ల ఉద్యోగానుభవంతో చేరాలనుకునేవారికి జీమ్యాట్ ఉపయోగపడుతుంది.

ఇన్ని పేర్లు చూసి కంగారు పడనక్కర్లేదు. శాతాలు, నిష్పత్తులు, తార్కిక ప్రశ్నలు, ఇంగ్లీషు పఠనం అన్నింటిలోనూ ఉంటాయి. క్యాట్‌కు బాగా తయారైన విద్యార్థి ఐసెట్‌ను తేలికగానే రాయగలుగుతాడు. ఐసెట్‌కు మాత్రమే తయారైనవాడికి క్యాట్ కష్టం. అందుకే సమయం ఉంటే పెద్ద పరీక్షను దృష్టిలో పెట్టుకుని మొదలుపెట్టడం మంచిది.

ఐసెట్ స్వరూపం

ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 200 మార్కులు, 150 నిమిషాలు. అంటే ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లు మాత్రమే. తెలంగాణ ఐసెట్‌లో విశ్లేషణ సామర్థ్యానికి 75, గణితానికి 75, కమ్యూనికేషన్‌కు 50 ప్రశ్నలు ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ ఐసెట్‌లో విశ్లేషణకు 75, కమ్యూనికేషన్‌కు 70, గణితానికి 55. రెండు రాష్ట్రాల పాత పేపర్లను కలిపేసి చదివేవారు ఈ తేడాను గమనించాలి. ఆంధ్ర పరీక్ష రాసేవారికి ఇంగ్లీషు మీద ఎక్కువ మార్కులున్నాయి. తెలంగాణ పరీక్ష రాసేవారికి లెక్కల బరువు ఎక్కువ.

ఐసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు. కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. చివరి ఐదు నిమిషాలు మిగిలిన ప్రశ్నలన్నింటికీ ఏదో ఒక ఆప్షన్ పెట్టడానికే కేటాయించాలి. అర్హత సాధించాలంటే 25 శాతం, అంటే 50 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఈ కనీస మార్కుల నిబంధన లేదు. అయితే 50 మార్కులతో ర్యాంకు వస్తుంది గానీ మంచి కాలేజీ రాదు.

విశ్లేషణ, గణితం విభాగాలు ఇంగ్లీషుతోపాటు తెలుగులోనూ ఉంటాయి. తెలంగాణలో ఉర్దూ మాధ్యమం ఎంచుకునే వీలు కూడా కల్పిస్తున్నారు. కమ్యూనికేషన్ విభాగం మాత్రం ఇంగ్లీషులోనే. ఉర్దూ మీడియంలో చదివిన విద్యార్థి దరఖాస్తు నింపేటప్పుడే భాష ఎంచుకోవాలి. పరీక్ష హాల్లో అడిగితే కుదరదు. ఉర్దూ పేపరు ఎంచుకున్నా లెక్కల పదాలను ఇంగ్లీషులో కూడా నేర్చుకోవడం మేలు, ఎందుకంటే సాధనకు దొరికే పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉన్నాయి.

క్యాట్ స్వరూపం

క్యాట్ సాధారణంగా నవంబరు చివరి ఆదివారం జరుగుతుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో దరఖాస్తులు తీసుకుంటారు. పరీక్ష 120 నిమిషాలు, మూడు విభాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. మొదట ఇంగ్లీషు పఠనం, తర్వాత డేటా విశ్లేషణ-తర్కం, చివర గణితం. ఈ వరుస మారదు. ఒక విభాగం సమయం ముగిసే వరకు తర్వాతి విభాగంలోకి వెళ్లలేరు, ముగిశాక వెనక్కి రాలేరు. అందుకే ‘నాకు లెక్కలు బాగా వచ్చు, దానితో గట్టెక్కేస్తా’ అనుకునే పద్ధతి ఇక్కడ పనికిరాదు. చాలా ఐఐఎంలు ప్రతి విభాగంలోనూ విడిగా కనీస పర్సెంటైల్ చూస్తాయి.

ఇటీవలి ఏళ్లలో ప్రశ్నలు 66 నుంచి 68 వరకు ఉంటున్నాయి. సరైన జవాబుకు 3 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. ఆప్షన్లు లేకుండా జవాబును టైప్ చేయాల్సిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి. వాటికి కోత లేదు. కాబట్టి అలాంటివి ఖాళీగా వదలాల్సిన పని లేదు.

ఏటా రెండున్నర నుంచి మూడు లక్షల మంది రాసే ఈ పరీక్షలో మొత్తం మార్కుల్లో సగం వస్తే 99 పర్సెంటైల్ చేరే పరిస్థితి ఇటీవల ఉంది. పర్సెంటైల్ అంటే మార్కుల శాతం కాదు. 99 పర్సెంటైల్ అంటే రాసిన వంద మందిలో 99 మంది కంటే ముందున్నట్టు. ఈ ఒక్క మాట అర్థమైతే ఇంట్లో సగం భయం పోతుంది. ‘అన్నీ రాయాలి’ అన్న ఆలోచన వదిలి ‘వచ్చినవి తప్పు లేకుండా రాయాలి’ అన్న ఆలోచనకు రావాలి.

ఒక చిన్న లెక్క చూద్దాం. గణితంలో 22 ప్రశ్నలు ఉన్నాయనుకుందాం. ఒక అభ్యర్థి ఆప్షన్లున్న 12 ప్రశ్నలు రాసి 11 సరిగ్గా చేశాడు. 33 మార్కుల్లోంచి ఒకటి పోయి 32 వచ్చాయి. మరొకరు 20 రాసి అవే 11 సరిగ్గా చేశారు. 9 తప్పులకు 9 మార్కులు పోయి 24 మాత్రమే మిగిలాయి. ఇద్దరికీ తెలిసింది ఒకటే. తేడా వదిలేయడం దగ్గర వచ్చింది. ఐసెట్‌లో వదలకూడదు, క్యాట్‌లో వదలడం నేర్చుకోవాలి. రెండు పరీక్షలు రాసేవారు ఈ తేడాను బాగా మనసులో పెట్టుకోవాలి.

రోజుకు ఎంతసేపు చదవాలి?

డిగ్రీ చదువుతూ, ఇంటి పనిలో సాయం చేస్తూ, లేదా సాయంత్రం దుకాణంలో కూర్చుంటూ తయారయ్యే పిల్లలు ఎక్కువ. వారికి రోజుకు ఎనిమిది గంటల టైంటేబుల్ రాసిచ్చి లాభం లేదు. ఆరు రోజులు రోజుకు రెండు గంటలు, ఆదివారం ఐదు గంటలు అనుకుంటే వారానికి 17 గంటలు అవుతుంది. ఏప్రిల్ మధ్యలో మొదలుపెడితే నవంబరు చివరి ఆదివారానికి సుమారు 32 వారాలు ఉంటాయి. అంటే 544 గంటలు. పునాది మరీ బలహీనంగా లేని విద్యార్థికి ఇది సరిపోయే సమయమే. ఫజర్ తర్వాత దొరికే గంటన్నర చాలా ఇళ్లలో నిశ్శబ్దంగా ఉండే సమయం. లెక్కలకు అది మంచి వేళ.

ఈ సమయాన్ని మూడు దశలుగా విడగొట్టుకోవచ్చు.

మొదటి దశ, ఏప్రిల్ నుంచి జూలై వరకు: పునాది. ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు ఉన్న గణిత పాఠ్యపుస్తకాలతో మొదలుపెట్టాలి. శాతాలు, లాభనష్టాలు, నిష్పత్తులు, సగటు, కాలం-దూరం, కాలం-పని, సంఖ్యలు, సమీకరణాలు, త్రిభుజాలు, వృత్తాలు. క్యాట్ గణితంలో పెద్ద భాగం వీటి మీదే నడుస్తుంది. ప్రతిరోజూ ఒక ఇంగ్లీషు వ్యాసం చదవాలి. ఐసెట్ మాత్రమే లక్ష్యమైనవారికి కూడా ఇదే పునాది పనికొస్తుంది. పరీక్ష వేసవిలో ఉంటుంది కాబట్టి వారు అంతకు ముందు డిసెంబరు, జనవరిలోనే మొదలుపెట్టాలి.

రెండో దశ, ఆగస్టు నుంచి సెప్టెంబరు వరకు: విభాగాల వారీ పరీక్షలు. 40 నిమిషాలు గడియారం పెట్టుకుని ఒక్కో విభాగం రాయాలి. పాత క్యాట్ పేపర్లు ఈ దశలో మొదలవ్వాలి.

మూడో దశ, అక్టోబరు నుంచి పరీక్ష వరకు: పూర్తి మాక్ టెస్టులు. 15 నుంచి 20 రాస్తే చాలు. రెండు గంటల మాక్ రాశాక దాన్ని సరిచూసుకోవడానికి మూడు, నాలుగు గంటలు పెట్టాలి. చాలామంది మార్కు చూసుకుని బాధపడి తర్వాతి మాక్‌కు వెళ్లిపోతారు. అలా 40 మాక్‌లు రాసినా మార్కు కదలదు.

లెక్కలంటే భయం ఉన్నవారికి

బీఏ, బీకాం, ఉర్దూ మీడియం విద్యార్థుల్లో ఈ భయం ఎక్కువ. నిజానికి వ్యాపారం చేసే ఇంట్లో పెరిగిన పిల్లలకు శాతాలు నోటికే వస్తాయి. బట్టల దుకాణంలో 1000 రూపాయల సూట్ ధర 20 శాతం పెంచారు. తర్వాత పండగ ఆఫర్ అని 20 శాతం తగ్గించారు. మళ్లీ 1000 అవుతుందా? కాదు. పెంచితే 1200, దాని మీద 20 శాతం అంటే 240 తగ్గితే 960. అసలు ధర కంటే 4 శాతం తక్కువ. ఎందుకంటే రెండోసారి శాతం పెద్ద మొత్తం మీద లెక్కించారు. పరీక్షలో అడిగేది ఇదే సూత్రం. కాకపోతే సూట్‌కు బదులు జనాభా అనో, జీతం అనో ఉంటుంది.

ఐసెట్‌లో ‘ఇచ్చిన సమాచారం సరిపోతుందా’ అనే రకం ప్రశ్నలు చాలా వస్తాయి. ఉదాహరణకు, తండ్రి వయసు ఎంత? మొదటి వాక్యం: తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లు. రెండో వాక్యం: పదేళ్ల తర్వాత రెండు రెట్లు అవుతుంది. ఏ ఒక్క వాక్యంతోనూ తేలదు. రెండూ కలిపితే తేలుతుంది. తండ్రికి 30, కొడుక్కి 10 అని లెక్క పూర్తి చేయాల్సిన పనే లేదు. రెండు తెలియని సంఖ్యలు, రెండు వేర్వేరు సమీకరణాలు ఉన్నాయి కాబట్టి చాలు అని గుర్తించి జవాబు పెట్టి ముందుకెళ్లాలి. 45 సెకన్లలో గెలిచేది ఇలాగే.

క్యాట్‌లో డేటా-తర్కం విభాగం వేరుగా ఉంటుంది. ఒక పట్టికో, ఒక పరిస్థితో ఇచ్చి దాని మీద నాలుగైదు ప్రశ్నలు అడుగుతారు. దావత్‌లో ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలి, ఎవరు ఎవరితో కూర్చోరు అని పెద్దలు లెక్కేసినట్టే ఉంటుంది. ఇక్కడ అసలు పని ఏ సెట్ తీసుకోవాలో ఎంచుకోవడం. మొదటి ఐదు నిమిషాలు అన్ని సెట్లనూ చదివి, తేలికైన రెండు లేదా మూడు మాత్రమే పట్టుకోవాలి. పన్నెండు నిమిషాలైనా కదలని సెట్‌ను మొండిగా పట్టుకుంటే విభాగం మొత్తం పోతుంది.

ఇంగ్లీషు విభాగం: తెలుగు, ఉర్దూ మీడియం పిల్లల సంగతి

క్యాట్ ఇంగ్లీషులో 24 ప్రశ్నలుంటే వాటిలో 16 పఠనం మీదే. ఒక్కోటి నాలుగు ప్రశ్నలతో నాలుగు వ్యాసాలు. చరిత్ర, ఆర్థికం, పర్యావరణం, కళలు, తత్వశాస్త్రం, ఏదైనా రావచ్చు. వ్యాకరణ సూత్రాలు బట్టీ పట్టడం వల్ల ఇక్కడ ప్రయోజనం తక్కువ. చదవడం అలవాటు కావాలి.

ఒక పద్ధతి బాగా పనిచేస్తుంది. రోజూ ఒక ఇంగ్లీషు పత్రిక సంపాదకీయం చదివి, పక్కన పెట్టి, రచయిత చెప్పింది ఏమిటో ఒకే ఒక్క వాక్యంలో తెలుగులోనో ఉర్దూలోనో రాయాలి. రాయలేకపోతే అర్థం కానట్టే, మళ్లీ చదవాలి. రెండు నెలల్లో ఆ వాక్యం తేలికగా వస్తుంది. అప్పటి నుంచి ఇంగ్లీషులో రాయాలి. తెలియని పదం తగిలిన ప్రతిసారీ డిక్షనరీ తీయకుండా, ముందు వాక్యాన్ని బట్టి ఊహించి, తర్వాత సరిచూసుకోవాలి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు నడిపే పిల్లలకు ఒక భాషలోంచి మరో భాషలోకి భావాన్ని మోసుకెళ్లడం చిన్నప్పటి నుంచే అలవాటు. దాన్ని లోపం అనుకోకుండా బలంగా వాడుకోవాలి.

మిగతా ఎనిమిది ప్రశ్నలు వాక్యాలను వరుసలో పెట్టడం, పేరా సారాంశం ఎంచుకోవడం వంటివి. చదివే అలవాటు ఉన్నవారికి ఇవి కూడా మెల్లగా పట్టుబడతాయి.

తప్పుల నోటుబుక్

ఖరీదైన మెటీరియల్ కంటే విలువైనది రూపాయి ఖర్చు లేని ఒక నోటుబుక్. ప్రతి మాక్ తర్వాత తప్పులను మూడు రకాలుగా రాసుకోవాలి. ఒకటి, పాఠమే రాదు. రెండు, పాఠం వచ్చు గానీ తొందరలో తప్పు పోయింది. మూడు, అసలు ముట్టుకోకూడని ప్రశ్నను పట్టుకున్నారు. మొదటి రకానికి మందు మళ్లీ చదవడం. రెండో రకానికి చివరి గీతను ఇంకోసారి చూసుకునే అలవాటు. మూడో రకానికి మందు వదలడం నేర్చుకోవడం. నెల తిరిగేసరికి ఏ రకం తప్పు ఎక్కువ ఉందో తెలిసిపోతుంది. చాలామందికి అది మూడో రకమే అవుతుంది.

కోచింగ్ తప్పనిసరా?

కాదు. పాత పేపర్లు దొరుకుతాయి. క్యాట్ అధికారిక వెబ్‌సైట్‌లో పరీక్షకు ముందు ఉచిత మాక్ పెడతారు. పాఠాలు చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. క్రమశిక్షణ ఉన్న విద్యార్థి తరగతుల ఫీజు కట్టకుండా మాక్ టెస్టుల సిరీస్ మాత్రం కొనుక్కుంటే సరిపోతుంది. ఒంటరిగా కూర్చుంటే చదవలేనివారికి, లెక్కల్లో పునాది పూర్తిగా లేనివారికి కోచింగ్ ఉపయోగమే. కానీ హైదరాబాద్ పంపి హాస్టల్, తరగతులు, తిండి అన్నీ కలిపి ఖర్చు పెట్టే ముందు ఆ విద్యార్థితో ఇంట్లోనే ఒక పాత పేపరు రాయించి చూడాలి. ఎక్కడ ఉన్నాడో తెలియకుండా కట్టిన ఫీజు గుడ్డిగా కొన్న సరుకు లాంటిదే. ‘సీటు గ్యారంటీ’ అనే మాట ఎవరు చెప్పినా నమ్మకూడదు. క్యాట్, ఐసెట్‌లలో అలాంటి గ్యారంటీ ఎవరి చేతుల్లోనూ లేదు.

కాగితాలు: సీటు పోయేది ఎక్కువగా ఇక్కడే

మార్కులు వచ్చాక కూడా కాగితాల దగ్గర ఆగిపోయేవారున్నారు. మన కుటుంబాల్లో రెండు సమస్యలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

మొదటిది పేరు. పదో తరగతి మెమోలో మొహమ్మద్ అని పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఎండీ అని ఉంటుంది, డిగ్రీ మెమోలో స్పెల్లింగ్ ఇంకోలా ఉంటుంది. షేక్ ఒకచోట ముందు, ఒకచోట వెనక. అమ్మాయిల పేర్లలో బేగం, సుల్తానా ఒక కాగితంలో ఉండి ఇంకో కాగితంలో ఉండవు. పరీక్ష కేంద్రంలో గుర్తింపు కార్డు దగ్గర, సీటు వచ్చాక సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర ఇది తలనొప్పి అవుతుంది. దరఖాస్తుకు కనీసం మూడు నెలల ముందే అన్ని కాగితాలు బల్ల మీద పరిచి పేర్లు, పుట్టిన తేదీలు పోల్చుకోవాలి. పదో తరగతి మెమోను ప్రమాణంగా తీసుకుని ఆధార్‌ను దానికి తగ్గట్టు సరిచేయించుకోవడం తేలికైన దారి.

రెండోది రిజర్వేషన్ కేటగిరీ. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల్లో వెనకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. దూదేకుల, నూర్‌బాషా వర్గాలు బీసీ-బిలో ఉన్నాయి. ఐసెట్ కౌన్సెలింగ్‌లో ఈ రాష్ట్ర జాబితాలు వర్తిస్తాయి. క్యాట్ సంగతి వేరు. ఐఐఎంలు కేంద్ర సంస్థలు. అక్కడ 27 శాతం ఓబీసీ సీట్లకు కేంద్ర ప్రభుత్వ జాబితానే చూస్తారు. రాష్ట్రంలో బీసీ-ఇ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన కేంద్రంలో ఓబీసీ అయినట్టు కాదు. జాతీయ వెనకబడిన తరగతుల కమిషన్ వెబ్‌సైట్‌లో రాష్ట్రాల వారీ కేంద్ర జాబితా ఉంటుంది. తమ వర్గం పేరు అందులో ఉందో లేదో చూసుకున్నాకే ఆ గడి నింపాలి. పేరు ఉంటే కేంద్ర నమూనాలో, తాజా ఆర్థిక సంవత్సరానికి చెందిన నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. రాష్ట్ర నమూనా కాగితం చెల్లదు.

కేంద్ర జాబితాలో పేరు లేని, కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల లోపు ఉన్నవారు భూమి, ఇంటి ఆస్తి పరిమితులకు కూడా లోబడి ఉంటే ఈడబ్ల్యూఎస్ కోటా వైపు చూడవచ్చు. ఐఐఎంలలో దీనికి 10 శాతం వరకు సీట్లున్నాయి. తహసీల్దార్ కార్యాలయంలో ఈ కాగితానికి వారాలు పట్టవచ్చు కాబట్టి జూన్, జూలైలోనే దరఖాస్తు పెట్టుకోవాలి. క్యాట్ దరఖాస్తు సమర్పించాక కేటగిరీ మార్చడం కుదరదు. తప్పుగా ఓబీసీ అని నింపి, 98 పర్సెంటైల్ తెచ్చుకుని, చివరి పరిశీలనలో సీటు పోగొట్టుకోవడం కంటే బాధ ఇంకోటి ఉండదు.

క్యాట్ ఫీజు 2500 రూపాయల పైచిలుకు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు సగం. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులు పూర్తి ఫీజే కట్టాలి.

డబ్బు లెక్క

పెద్ద ఐఐఎంలలో రెండేళ్ల ఫీజు 20 లక్షలు దాటింది. ఈ సంఖ్య వినగానే చాలామంది అబ్బాలు ‘మన వల్ల కాదు’ అనేస్తారు. వడ్డీతో కూడిన రుణం తీసుకోవడానికి మనసొప్పని కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి. ఇలాంటివారు దరఖాస్తుకు ముందే తక్కువ ఫీజు దారులు చూసుకోవాలి. ఎఫ్ఎంఎస్ ఢిల్లీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి ప్రభుత్వ యూనివర్సిటీ విభాగాల్లో ఫీజు ఐఐఎంలతో పోలిస్తే ఎంతో తక్కువ. గచ్చిబౌలిలోనే ఉన్న మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీలోనూ ఎంబీఏ ఉంది. ఐఐఎంలు కూడా కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో సాయం ఇస్తాయి. దానికి ఆదాయ ధ్రువపత్రాలు సిద్ధంగా ఉండాలి.

ఐసెట్ ద్వారా కన్వీనర్ కోటాలో చేరినవారు ఫీజు రీయింబర్స్‌మెంట్ నిబంధనలు చదువుకోవాలి. ఆదాయ పరిమితి, హాజరు శాతం రెండూ ముఖ్యం. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఆ సాయం రాదు. ర్యాంకు కొంచెం వెనకబడిందని తొందరపడి మేనేజ్‌మెంట్ సీటు కొనే ముందు ఈ తేడాను రెండేళ్లకు లెక్కేసి చూడాలి.

విదేశాల వైపు చూసేవారికి

జీమ్యాట్ పరీక్ష 2023 నవంబరులో కొత్త రూపంలోకి మారింది. ఇప్పుడు 2 గంటల 15 నిమిషాలు, 64 ప్రశ్నలు. గణితం, ఇంగ్లీషు, డేటా అనే మూడు విభాగాలు, ఒక్కోటి 45 నిమిషాలు. స్కోరు 205 నుంచి 805 వరకు. ఈ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది, క్యాట్ స్కోరు మాత్రం ఒక ప్రవేశ సంవత్సరానికే. పాత పుస్తకాలు కొనేవారు జాగ్రత్త. వాటిలోని వ్యాసరచన, వాక్యాలు సరిదిద్దే ప్రశ్నలు, రేఖాగణితం ఇప్పుడు లేవు. తెలంగాణలో మైనారిటీ విద్యార్థులకు ముఖ్యమంత్రి పేరుతో విదేశీ విద్యా స్కాలర్‌షిప్ పథకం ఉంది. దానికి దరఖాస్తు చేసేటప్పుడు ఇలాంటి పరీక్షల స్కోర్లు కూడా అవసరమవుతాయి.

పరీక్ష రోజు, ఆ తర్వాత

క్యాట్‌కు హైదరాబాద్, వరంగల్, కరీంనగర్, విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి లాంటి నగరాల్లో కేంద్రాలు ఉంటాయి. వేరే ఊరు పడితే ముందు రోజే చేరుకోవాలి. అమ్మాయితో తోడు వెళ్లే పెద్దలు ముందుగానే కేంద్రం చూసి వస్తే ఉదయం పరుగు తప్పుతుంది. హిజాబ్ ధరించే అమ్మాయిలు గేటు మూసే సమయానికి బాగా ముందే చేరుకుంటే తనిఖీ తొందర లేకుండా పూర్తవుతుంది. నగలు, వాచీ, ఫోను ఇంట్లోనే వదలాలి. కాలిక్యులేటర్ కంప్యూటర్ తెర మీదే ఉంటుంది. మాక్‌లు రాసేటప్పుడే దానితో అలవాటు చేసుకోవాలి.

ఫలితాల తర్వాత ఐఐఎంలు ఇంటర్వ్యూకు పిలుస్తాయి. పది, ఇంటర్, డిగ్రీ మార్కులు కూడా లెక్కలోకి తీసుకుంటాయి. అమ్మాయిలకు, ఇంజినీరింగ్ కాని నేపథ్యం ఉన్నవారికి పలు ఐఐఎంలు అదనపు పాయింట్లు ఇస్తాయి. బీఏ, బీకాం చదివిన అమ్మాయిల తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఇంటర్వ్యూలు ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిలో జరుగుతాయి. ప్రస్తుత సంవత్సరాల్లో రంజాన్ కూడా ఆ నెలల దగ్గరే వస్తోంది. ఉపవాసంతో ప్రయాణం ఉంటే ముందు రోజే వెళ్లి విశ్రాంతి తీసుకునేలా ప్లాన్ చేసుకోవాలి.

ఇంటర్వ్యూలో అడిగేది ఎక్కువగా డిగ్రీ సబ్జెక్టు, సొంత జిల్లా, ఇంటి వ్యాపారం, ఎంబీఏ ఎందుకు అన్న ప్రశ్నలు. తండ్రి కిరాణా దుకాణం నడుపుతుంటే దాన్ని దాచుకోనక్కర్లేదు. సరుకు ఎక్కడి నుంచి వస్తుంది, ఎంత మార్జిన్ మిగులుతుంది, అరువు ఎలా వసూలవుతుంది అని స్పష్టంగా చెప్పగలిగిన విద్యార్థి సగం ఎంబీఏ ఇంట్లోనే చదివినట్టు.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది కూడా ఒకటుంది. మాక్‌లో మార్కు తగ్గిన రోజు ‘చెప్పాం కదా, మన వల్ల కాదు’ అనకుండా ఉండటం. ఏడు నెలల తయారీలో అలాంటి రోజులు చాలా వస్తాయి. రోజుకు రెండు గంటలు ఎవరూ పిలవని ఒక మూల, సరిచేసిన కాగితాలు, ఈ ఒక్క ఏడాది గడువు ఇస్తే మిగతాది పిల్లలు చూసుకుంటారు.